పెరటి కూరకు చాకిరీ ఎవరిది?

"ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకుంటే కూరగాయలు కొనే బాధే ఉండదు కదమ్మా! మీ ఆడవాళ్లకి మధ్యాహ్నం పూట ఖాళీయేగా!"

ఈ మాట మీరూ వినే ఉంటారు. నాకైతే పెళ్లిళ్లలో, పేరంటాల్లో, ఆఖరికి రైలు ప్రయాణంలో కూడా ఈ సలహా దొరికింది. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. అందులో ఒక్కరైనా కుండీలో వేలు పెట్టి తడి ఉందో లేదో చూసిన పాపాన పోయినట్లు కనిపించలేదు.

ఇంట్లో కూరగాయలు పండించుకోవడం మంచిదా, కాదా అని కాదు నా గొడవ. మంచిదే. మా డాబా మీద నేనూ పండిస్తున్నాను. అప్పుడే కోసిన లేత బెండకాయ వేపుడు రుచేమిటో నాకూ తెలుసు. కానీ ఆ రుచి వెనకున్న చాకిరీ గురించి ఎవరూ మాట్లాడరేం? మాట్లాడకపోగా అదేదో ఆడవాళ్లకు దొరికిన కాలక్షేపం అన్నట్లు తీసిపారేస్తారేం? నా బాధ అదీ.

టమాటా నేర్పిన పాఠం

2023 జూలై నెల మీకు గుర్తుండే ఉంటుంది. కిలో టమాటా 150 రూపాయలు దాటి 200 దాకా ఎగబాకింది. పప్పులోకి చింతపండు, పచ్చట్లోకి చింతపండు, చారులోకి సరేసరి. ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు ఇప్పిస్తోందని తెలిసి, నేనూ సంచీ పుచ్చుకుని పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడ్డాను. గంటన్నర నిలబడ్డాక నా ముందు ఇంకా ఇరవైమంది ఉండగానే సరుకు అయిపోయింది. ఉక్రోషం వచ్చింది. తిరిగొస్తూ దారిలో నర్సరీ దగ్గర ఆటో ఆపించి పన్నెండు టమాటా మొక్కలు కొన్నాను.

అదే మొదలు. డిగ్రీలో బోటనీ చదివినదాన్ని కదా, మొక్కలు పెంచడం ఎంతసేపు అనుకున్నాను. పైగా 'మిద్దెతోట' అన్న మాటను తెలుగువాళ్లకు బాగా అలవాటు చేసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు కథారచయితే. హైదరాబాదు శివార్లలో నారపల్లిలోని తన ఇంటి మిద్దె మీద ఆయన పండించే పంటల గురించి చదివినప్పుడల్లా నాకు ఉత్సాహం పొంగేది. నేనూ అడపాదడపా నాలుగు కథలు రాసినదాన్నే. ఆయన చెయ్యగా లేనిది నేను చెయ్యలేనా?

మాది పటమటలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. లిఫ్టు నాలుగో అంతస్తు దాకానే. అక్కణ్ణుంచి డాబా మీదికి మెట్లెక్కాలి. ఎర్రమట్టి బస్తాలు, పశువుల ఎరువు బస్తాలు, కొబ్బరిపొట్టు దిమ్మలు ఆ మెట్ల మీదుగానే చేరాలి. వాచ్‌మన్ మొదటి రోజు సాయం పట్టాడు. రెండోరోజు నుంచి నన్ను చూస్తే మోటారు వెయ్యాలంటూ మాయమయ్యేవాడు. అతణ్ణి మాత్రం ఏమంటాం? అది అతని ఉద్యోగంలో లేని పని.

నెల తిరక్కుండా అసోసియేషన్ మీటింగులో నా టబ్బుల ప్రస్తావన వచ్చింది. "మా బెడ్‌రూమ్ సీలింగు చెమ్మ దిగింది. మీ తోట పుణ్యమే!" అన్నారు నాలుగో అంతస్తు వదినగారు. ఆ చెమ్మ అంతకు ముందు వానాకాలం నుంచీ ఉందని అందరికీ తెలుసు. అయినా నోరు మెదపలేదు. డాబా అందరిదీ కదా మరి! టబ్బుల కింద ఇటుకలు పెట్టించి, నీళ్లు జారిపోయేలా సర్దాక ఆవిడ కాస్త చల్లబడ్డారు. తర్వాత నెలకోసారి గోంగూర కట్ట పంపడం మొదలుపెట్టాక పూర్తిగా చల్లబడ్డారనుకోండి!

సరే, అసలు సంగతికొస్తాను. మా టమాటాలు సెప్టెంబరు ఆఖరుకు ఎర్రబడ్డాయి. ఈలోపు బజారులో ఏమైంది? ధర ఢామ్మని పడిపోయింది. కర్నూలు జిల్లాలో కోత కూలి కూడా గిట్టక రైతులు టమాటాలు రోడ్ల మీద పారబోశారు. రెండు నెలల కింద 200 పలికిన పండు అది! మావారు పేపరు చదువుతూ, "నీ టమాటాలు ఇప్పుడు కిలో ఎంత పడ్డాయోయ్?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పారబోసిన ఆ రైతు ఇంటి ఇల్లాలు కూడా కలుపు తీసి, నీళ్లు పెట్టి, కాయలు కోసి ఉంటుంది కదా అనిపించింది.

ధరలు పెరిగాయని మొక్కలు వెయ్యడం దాహమేసినప్పుడు బావి తవ్వడం లాంటిదే. మన మొక్క కాపుకొచ్చేసరికి బజారులోనూ అదే కాపు వస్తుంది. అక్కడ ఖరీదుగా ఉన్నప్పుడు మన దగ్గరా ఉండదు. ఎండా వానా అందరికీ ఒకటేగా!

నోటుపుస్తకం లెక్క

మొదటి ఏడాదంతా ఒక నోటుపుస్తకంలో లెక్క రాశాను. ఇది మా ఒక్క ఇంటి లెక్క, అందరికీ ఇలాగే ఉంటుందని కాదు. టబ్బులు, మట్టి, ఎరువు, విత్తనాలు, తీగలకు ఇనుప పందిరి, ఎండాకాలం షేడ్‌నెట్ అన్నీ కలిపి 11,400 రూపాయలు అయింది. ఇరవైనాలుగు టబ్బుల్లో ఏడాది పొడుగునా వచ్చిన కూరలు, ఆకుకూరలు సుమారు 110 కిలోలు. ఏ రోజు ధర ఆ రోజు వేసుకుంటే వాటి ఖరీదు 4,900.

మేం ఇంట్లో ఐదుగురం. మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అలా చూస్తే మా ఇంటికి రోజుకు రెండు కిలోలు, ఏడాదికి 730 కిలోలు కావాలి. నేను ఏడాదంతా కష్టపడి పండించింది అందులో ఆరోవంతు కూడా లేదు. 'కూరగాయలు కొనే బాధే ఉండదు' అనేవాళ్లకు ఈ లెక్క చూపించాలని ఉంటుంది.

డబ్బు సంగతి పోనివ్వండి. టబ్బులు రెండో ఏడు మళ్లీ కొనక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు ఎప్పటికైనా సర్దుకుంటుంది. సర్దుకోనిది గంటల లెక్క. పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు. ఆదివారం పురుగులు ఏరడం, తీగలు కట్టడం, మట్టి తిరగెయ్యడం అంటూ మరో రెండు గంటలు. ఏడాదికి 400 గంటల పైమాటే. పెట్టుబడిని లెక్కలోకి తీసుకోకపోయినా, నా కష్టానికి గంటకు 12 రూపాయలు కూడా కిట్టలేదు! మా వీధిలో ఇస్త్రీ బండి అతను గంటలో అంతకు ఎన్నో రెట్లు సంపాదిస్తాడు.

ఆ గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసా? పొద్దున ఐదు నుంచి ఆరు దాకా ఇంట్లో ఎవరూ లేవరు. పదేళ్లుగా నేను కథలు రాసుకునే వేళ అది. ఎండెక్కక ముందే నీళ్లు పొయ్యాలి కాబట్టి తోట సరిగ్గా ఆ గంటనే మింగేసింది. నేను గమనించలేదు కూడా. ఒకరోజు మా అమ్మాయి ఏదో వెతుకుతూ ఆ నోటుపుస్తకం తీసింది.

"అమ్మా, ఇందులో ముందు మూడు పేజీలు కథ ఉంది. తర్వాతంతా బెండకాయల లెక్కలే ఉన్నాయేంటి? కథలో ఆవిడ బస్సెక్కిందా, లేదా?"

నాకు గొంతులో ఏదో అడ్డం పడినట్లయింది. ఏడాదిపాటు బస్టాండులో నిలబెట్టేశాను ఆ పాత్రను. ఏడాదిలో ఒక్క కథ పూర్తి చెయ్యలేదు. ఇంట్లో ఎవరూ ఆపలేదు, ఎవరూ వద్దనలేదు. రోజుకో నలభై నిమిషాలు, అంతే!

కేంద్ర గణాంక శాఖ 2019లో దేశమంతా తిరిగి, ఎవరు దేనికెంత సమయం వెచ్చిస్తున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు జీతం రాని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారట. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. అసలు చెయ్యే వెయ్యనివాళ్లు ఈ సగటులో లేరు, గమనించండి! ఆ ఐదు గంటల పైన ఇంకో గంట తోటపని కూడా మన నెత్తినే పెట్టి, 'మీకు ఖాళీయేగా' అంటే ఎలా ఉంటుంది చెప్పండి?

అమ్మమ్మ పెరడు

"మా రోజుల్లో కూరలు కొనడమే ఎరగం" అంటారు పెద్దవాళ్లు. మా అత్తగారూ అంటారు. అబద్ధం కాదు. పామర్రు దగ్గర కాలవ గట్టున మా అమ్మమ్మగారి ఊరు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే పెరడంతా పచ్చగా ఉండేది. దడి మీద బచ్చలి, పాక మీద సొరపాదు, బావి పక్కన అరటి, ఆ నీడలో కంద. కంద బచ్చలి కూరకు రెండూ పెరట్లోవే. ఆవపిండి మాత్రం రోట్లో నూరాలి.

కానీ ఆ పెరటికి ఏమేం ఉన్నాయో కూడా చూడాలి కదా. బెజవాడ దగ్గర 1855లో కృష్ణమ్మకు ఆనకట్ట కట్టాక డెల్టాకు కాలవలొచ్చాయి. 1957 నుంచి ఆ పని ప్రకాశం బ్యారేజీ చేస్తోంది. కాలవ పారినన్నాళ్లూ మా అమ్మమ్మగారి బావిలో నీళ్లు చేతికందేవి. ఎరువుకు చావిట్లో గేదెలుండేవి. అంట్ల నీళ్లు తూములోంచి నేరుగా అరటి మొదట్లోకి పోయేవి. దడి కట్టడానికి, గొయ్యి తవ్వడానికి పాలేరు ఉండేవాడు. పైన ఎండ, కింద సిమెంటు స్లాబు, మధ్య ప్లాస్టిక్ టబ్బులో జానెడు మట్టి... ఆ మొక్క బతుకు వేరు, ఈ మొక్క బతుకు వేరు.

ఇంకో సంగతి. ఆ పెరడు కూడా పన్నెండు నెలలూ కాసేది కాదు. ఎండాకాలం కాలవలు కట్టేశాక పెరడూ పడుకునేది. అందుకేగా వంకాయ ఒరుగులు, గోరుచిక్కుడు ఒరుగులు, వడియాలు, ఊరగాయలు! ఆ ఎండబెట్టడం, ఎత్తిపెట్టడం ఎవరు చేశారు? అమ్మమ్మే. కూర కొనలేదన్నది గుర్తున్నంతగా, ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చింది ఎప్పుడన్నది ఎవరికీ గుర్తు లేదు.

ఏ కొరత వచ్చినా ప్రభుత్వాలకు ముందు గుర్తొచ్చేది మన పెరళ్లే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో 'విక్టరీ గార్డెన్లు' అంటూ ఇళ్ల దగ్గర, ఖాళీ స్థలాల్లో కోట్ల మందితో కూరగాయలు వేయించారు. మన దేశంలోనూ 1940లలో అధికాహారోత్పత్తి ఉద్యమం నడిచింది. యుద్ధం ముగిశాక అక్కడ చాలా తోటలు మళ్లీ పచ్చికబయళ్లయ్యాయి. మన దగ్గర 2020 లాక్‌డౌనులో మేడల మీద వెలిసిన తోటలు కూడా ఎన్ని నిలిచాయో మీ చుట్టుపక్కల డాబాలెక్కి చూడండి. ఉత్సాహంతో వేసినవి ఉత్సాహంతోపాటే ఎండిపోతాయి. పని పంచుకున్నవే నిలుస్తాయి.

అలాగని మన టబ్బులు చూసుకుని రైతును మరిచిపోకూడదు. కృష్ణకు అవతల ఉండవల్లి, పెనుమాక భూముల్లో పండే కూరలు, పూలు బెజవాడకు కొత్త కాదు. 2015లో రాజధాని కోసం భూసమీకరణ మొదలైనప్పుడు, మూడు పంటలు పండే భూములు ఇవ్వలేమని అక్కడి రైతులు చాలామంది పట్టుబట్టారు. భూమి విలువ పండించేవాళ్లకు తెలిసినట్లు మనకెలా తెలుస్తుంది? ఏడాది డాబా ఎక్కి దిగాక, రైతుబజారులో అర్ధరూపాయి కోసం బేరమాడటం నేను మానేశాను.

మరి తీసేద్దామా?

ఇన్ని చెప్పి, ఇంకా ఎందుకు పెంచుతున్నావమ్మా అంటారేమో. చెబుతాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. మా ఆడపడుచు వాళ్లుండేది అక్కడే, మేడ మీది వాటాలో. కింది వాటా సగానికి పైగా మునిగింది. కరెంటు లేదు, పాలు లేవు, ఫోను ఎప్పుడు కలుస్తుందో తెలియదు. పడవల మీద, ఆఖరికి డ్రోన్లతో కూడా ఆహార పొట్లాలు అందించిన రోజులవి. ఆవిడకు డాబా మీద ఉన్నవి ఎనిమిది పెయింటు డబ్బాలు. వాటిలో గోంగూర, బచ్చలి, పచ్చిమిరప.

మూడోరోజు ఫోను కలిసినప్పుడు, "బియ్యం ఉన్నాయి, కందిపప్పు ఉంది, సిలిండరు నిండుగా ఉంది వదినా. కింది వాటా వాళ్లూ మా దగ్గరే ఉన్నారు. తొమ్మిదిమందికి రోజూ గోంగూర పప్పే. మా గోంగూరను ఎన్నిసార్లు తిట్టానో, ఇన్ని ఊడలేసిందేంటని!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

ఎనిమిది డబ్బాలు వరదను ఆపవు. తొమ్మిది కడుపుల్ని ఎన్నాళ్లో నింపవు. కానీ దారులన్నీ మూసుకుపోయిన మూడు రోజులు పచ్చగా నాలుగాకులు చేతికందడం చిన్న సంగతి కాదు. ఆ ఎనిమిది డబ్బాలకూ ఆవిడ రోజుకు పది నిమిషాలకు మించి ఖర్చు పెట్టలేదు. నా ఇరవైనాలుగు టబ్బుల కంటే ఆవిడ ఎనిమిది డబ్బాలే తెలివైనవి అని నాకు అప్పుడు తెలిసింది.

వేస్తే ఇలా వెయ్యండి

రెండేళ్లలో తెలిసినవి చెబుతాను. ముందు ఆకుకూరలతో మొదలుపెట్టండి. తోటకూర గింజ చల్లిన నెలకల్లా కూరకొస్తుంది. గోంగూర, బచ్చలి గిల్లినకొద్దీ చిగురిస్తాయి. కరివేపాకు ఒక పెద్ద కుండీలో, పచ్చిమిరప నాలుగు మొక్కలు. రోజూ కాస్త కాస్త కావలసినవీ, బజారునుంచి తెస్తే రెండోరోజుకే వాడిపోయేవీ ఇవే. కొత్తిమీర, మెంతి చలికాలంలో వేసుకోండి. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ఎండల్లో వేస్తే ఆకు రాకముందే పూతకొచ్చేస్తుంది. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ జోలికి పోకండి. ఆ చోటుకు, ఆ శ్రమకు ఆ పంట చాలదు.

స్థలముంటే వానాకాలంలో బెండ, ఒకటి రెండు బీర పాదులు. బీరపూలు, సొరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పిందె పసుపురంగు తిరిగి రాలిపోతుంటే మందు కోసం పరిగెత్తకండి. మేడల మీదికి తేనెటీగలు అంతగా రావు. మగపువ్వు కోసి ఆడపువ్వు మధ్యలో అద్దండి, చాలు. బెండ ఆకులు ఈనెలు పసుపెక్కితే అది పల్లాకు తెగులు, తెల్లదోమతో వస్తుంది. ఆ మొక్క ఇక బాగుపడదు, పీకేసి మిగతావాటిని కాపాడుకోండి. పేనుబంకకు, పిండినల్లికి లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే చాలావరకు అదుపులో ఉంటాయి.

బరువు సంగతి మరిచిపోవద్దు. మామూలు డాబా స్లాబును చదరపు మీటరుకు 150 కిలోల బరువు అదనంగా పడుతుందన్న లెక్కతో కడతారు. అడుగు మందాన మట్టి పోసి తడిపితే అదే చదరపు మీటరులో 500 కిలోలు దాటుతుంది. అందుకని మడులు కట్టే ముందు ఇంజనీరును అడగాల్సిందే. డబ్బాలైతే పిట్టగోడ వారగా, దూలాల మీదుగా దూరదూరంగా పెట్టి, మట్టిలో కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపి తేలిక చేసుకోండి. కుండీల కింది పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వద్దు. వారానికోసారైనా పారబోయండి, లేకపోతే కూరతోపాటు డెంగీ దోమనూ పెంచినట్లవుతుంది.

ఇక మన బెజవాడ ఎండలతో పందెం వెయ్యకండి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజుల్లో టమాటా పూత నిలవదు. మీరు రెండుపూటలా నీళ్లు మోసినా నిలవదు. ఏప్రిల్ ఆఖరుకు చాలావరకు తీసేసి, కరివేపాకు, బచ్చలి మాత్రం నీడకు జరిపి, తోటకు సెలవివ్వండి. మీరూ సెలవు తీసుకోండి. మా అమ్మమ్మ పెరడు తీసుకున్నదే అది.

నీళ్లెవరు పొయ్యాలి?

అన్నిటికంటే ముఖ్యమైంది చివర చెబుతున్నాను. మా అమ్మాయి ఆ నోటుపుస్తకం తీసిన రాత్రి, భోజనాల దగ్గర లెక్కంతా చదివాను. మావారు చులాగ్గా, "అంత కష్టమైతే తీసేద్దాం, దానిదేముంది?" అన్నారు.

మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ, "తియ్యడం దేనికిరా? పప్పులో గోంగూర రెండుసార్లు వడ్డించుకుంటావుగా, నీళ్లు నువ్వు పొయ్యి" అన్నారు.

ఆవిడ అంత మాట అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక ఆవిడ కింద కూర్చుని ఆకు బాగుచేస్తారు. నేను రోజూ పొద్దున్నే ఎన్నిసార్లు ఎక్కి దిగుతున్నానో లెక్కపెట్టినట్లున్నారు.

ఇరవైనాలుగు టబ్బులు పన్నెండయ్యాయి. పొద్దున నీళ్లు మావారివి, మట్టి బస్తాలూ ఆయనవే. కూరగాయల తొక్కలు డబ్బాలో వేసి ఎరువు చెయ్యడం మా అబ్బాయి పని. విత్తనాలు, లెక్కలు అమ్మాయివి. నాకు ఆదివారం గంటసేపు. మొదటి వారంలో మావారు రెండురోజులు మరిచిపోయారు, రెండు వంగమొక్కలు వాడిపోయాయి. నిజం చెప్పొద్దూ, నేను ఆ రెండురోజులూ చేతులు కట్టుకు కూర్చోవడానికి పడ్డ కష్టం ఏడాదిపాటు నీళ్లు మోసినప్పుడు కూడా పడలేదు. వెళ్లి పోసేస్తే ఆ పని మళ్లీ నాదే అయ్యేది. మూడోరోజు వాడిన మొక్కలు చూసొచ్చి ఆయన అలారం పెట్టుకున్నారు.

ఇప్పుడు చుట్టాలొస్తే డాబా మీదికి తీసుకెళ్లి, "మా తోట" అని చూపిస్తుంటారు. వాళ్లు, "అబ్బ, మీ ఆయనకు ఎంత ఓపికమ్మా!" అంటారు నాతో. ఏడాదిపాటు నేనొక్కదాన్నే మోసినప్పుడు ఆ మాట ఒక్కరూ అనలేదు. అప్పుడది నా కాలక్షేపం, ఇప్పుడది ఆయన ఓపిక! సరేలెండి, పొగడనివ్వండి. నీళ్లు పడుతున్నాయిగా!

మొన్న రథసప్తమికి చిక్కుడాకుల కోసం బజారుకు వెళ్లక్కర్లేకపోయింది. పరమాన్నం నైవేద్యానికి ఆకులు, రథం చెయ్యడానికి చిక్కుడుకాయలు అన్నీ మా పందిరివే. మా అత్తగారు ఎంత సంబరపడ్డారో! ఆ ముందు వారమే నా కథ కూడా పూర్తయింది. బస్టాండులో నిలబెట్టిన ఆవిడ ఎట్టకేలకు బస్సెక్కింది.

కాబట్టి పెంచండి. తప్పకుండా పెంచండి. కానీ మొదటి గింజ నాటే ముందు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి పని పంచండి. ఎవరూ రామంటే మీ ఒక్కరి ఓపికకు సరిపోయే నాలుగు డబ్బాలతో ఆగండి, అందులో తప్పేమీ లేదు. అసలు పెంచకపోయినా తప్పు లేదు. రైతుబజారు ఉంది, గంప నెత్తిన పెట్టుకొచ్చే అమ్మ ఉంది.

ఈమధ్య ఓ పెళ్లిలో ఒక పెద్దాయన మళ్లీ అదే సలహా మొదలుపెట్టారు, "ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకుంటే..." అని.

"మంచి మాట చెప్పారు బాబాయిగారూ! మీ ఇంట్లో నీళ్లు ఎవరు పోస్తారండీ?" అన్నాను.

పక్కనే కూర్చున్న పిన్నిగారు ఫక్కున నవ్వారు. మీరూ అడిగి చూడండి.